షిలోహులో విడిచిన బిడ్డ

(వాక్యభాగము: 1 సమూయేలు 2:11–26; 3:1–18)



మిరపకోతలు ముగిసి కల్లములు ఖాళీయైన దినములలో మన వీరులపాడు, జుజ్జూరు, పొన్నవరము, అల్లూరు ప్రాంతపు తల్లులు మమ్మును అడుగు ప్రశ్న ఒకటే. "అయ్యగారూ, ఈ యేడు పిల్లల క్యాంపు ఎప్పుడండీ?" ఆ ప్రశ్న మాకు సంతోషమే. వేసవిలో వారు తెల్లవారకమునుపే పనికి పోవుదురు. బడి లేని పిల్లలు వైరా యేటి గట్టున ఎండలో తిరుగుటకంటె, నాలుగు దినములు వాక్యము నేర్చుకొని, పాటలు పాడుకొని, కడుపునిండ భోజనము చేసి వచ్చుట మేలని వారి తలంపు. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, కంచము, గ్లాసు సంచిలో పెట్టి, బిడ్డ తలకు నూనె రాసి దువ్వి, నందిగామ బస్సు ఎక్కించి పంపుదురు. భోజనమునకు ఎంత కట్టవలెనని అడుగుదురు. ఏ దినమున తిరిగి వత్తురని అడుగుదురు. రాత్రివేళ ఆ బిడ్డ ఉన్న గదిలో పెద్దవారెవరు పండుకొందురని మాత్రము ఇంతవరకు ఒక్క తల్లియు మమ్మును అడుగలేదు. మేమును చెప్పలేదు.

ఈ నెల ఆ సంగతినే వ్రాయవలసియున్నది. ఇది గుడిలో మాటలాడుటకు సిగ్గుపడు సంగతియని మాకు తెలియును. చదువు వచ్చినవారు దీనిని ఇంటిలో చదివి, చదువు రాని తల్లులకు వినిపింపవలెనని వేడుకొనుచున్నాము.

హన్నా తన బిడ్డను షిలోహునకు తీసికొనివచ్చిన కథ మన ఆదివారపు బడి పిల్లలందరికి తెలిసినదే. ఎన్నో యేండ్లు కన్నీరు విడిచి, అడిగి పొందిన బిడ్డ. పాలు మాన్పించిన పిమ్మట ఆ చిన్నవానిని యాజకుడైన ఏలీ చేతికి అప్పగించి ఆమె తన ఊరికి తిరిగి వెళ్లెను. ఆమె విశ్వాసమును గూర్చి మనము అనేక ప్రసంగములు వింటిమి, మేమును చేసితిమి. అయితే ఆమె బిడ్డను విడిచిన మందిరము ఆ దినములలో ఎట్టి స్థితిలోనుండెనో చాల తక్కువగా చెప్పుదుము. తరువాతి అధ్యాయమే దానిని దాచకుండ చెప్పుచున్నది. ఏలీ కుమారులైన హొఫ్నీ, ఫీనెహాసులు అక్కడ యాజకులు. ప్రజలు తెచ్చిన బలిమాంసమును వారు బలవంతముగా లాగికొనుచుండిరి. మందిరపు గుమ్మమునొద్ద సేవచేయు స్త్రీలతో పాపము చేయుచుండిరి. సేవకు వచ్చిన స్త్రీలకు ఆ గుమ్మమునొద్ద రక్షణ లేదు. ఆ మందిరములోనే చిన్న సమూయేలు రాత్రులు పండుకొనుచుండెను. తల్లి రామాలోనున్నది. ఈ సంగతి ఆమెకు తెలియునో తెలియదో వాక్యము చెప్పుటలేదు. ఏలీకి మాత్రము తెలియును.

ఏలీ దుష్టుడు కాడు. హన్నాను దీవించినవాడు. దేవుని మందసము కొరకు వణకినవాడు. జనులందరు వచ్చి చెప్పగా అతడు విన్నాడు. విని కుమారులను పిలిచి, మీరు చేయుచున్నది మంచిది కాదు, జనులు చెడ్డగా చెప్పుకొనుచున్నారు అని మందలించెను. అంతటితో తన పని అయిపోయినదని తలంచెను కాబోలు. కుమారులు మరునాడును అదే గుమ్మమునొద్ద, అదే యాజక వస్త్రములతో, అదే ముండ్లకొంకి చేతబట్టుకొని నిలువబడిరి. దేవుడు ఏలీమీద మోపిన నేరమేమి? అతడు పాపము చేసెనని కాదు. తెలిసియుండియు వారిని అడ్డగింపలేదని (3:13). దేవునికంటె తన కుమారులను ఎక్కువగా గౌరవించెనని (2:29). మందలింపు వేరు, అడ్డగింపు వేరు. మందలించుటకు నోరు చాలును. అడ్డగించుటకు వారిని ఆ గుమ్మమునుండి తొలగింపవలెను.

ఇంత దీర్ఘముగా ఏలీని గూర్చి వ్రాయుటకు కారణము గలదు. మేమును ఒకసారి ఏలీ చేసినట్లే చేసితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట మన పిల్లలు వెళ్లిన ఒక వేసవి శిబిరములో పాటలు నేర్పుటకు ఒక యౌవనుడు వచ్చెను. మంచి గొంతు. పిల్లలు అన్నా అన్నా అని అతని వెంట తిరుగుచుండిరి. రెండవ రాత్రి ఒక బిడ్డ మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, నేను ఇంటికి పోతాను" అనెను. ఆ బిడ్డ బాలుడో బాలికయో, ఏ ఊరో మేము వ్రాయము. ఎవరును ఊహించుకొని అడుగవద్దు. తల్లిమీద బెంగపెట్టుకొన్నదని మేము తలంచితిమి. తలమీద చెయ్యివేసి ప్రార్థన చేసి, తిరిగి ఆ గదిలోనికే పంపితిమి. రెండు వారముల తరువాత తల్లి వచ్చి జరిగినది చెప్పెను. మేము ఇద్దరు పెద్దలను పిలిచి, తలుపులు వేసికొని ఆలోచన చేసితిమి. ఆ తల్లితో, "బయట పెట్టవద్దమ్మా, మేము చూచుకొందుము" అంటిమి. ఆ యౌవనుని పిలిపించి గట్టిగా మందలించితిమి. అతడు ఏడ్చెను, కాళ్లమీద పడెను. ఇక మన సంఘములలో అడుగుపెట్టవద్దని చెప్పి, ప్రార్థనచేసి పంపివేసితిమి. ఆ రాత్రి మేము నెమ్మదిగా నిద్రపోతిమని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము.

ఒకటిన్నర సంవత్సరము గడచిన తరువాత, దూరమునున్న మరియొక జిల్లానుండి ఒక కూటముల కరపత్రము మా చేతికి వచ్చెను. పిల్లల మధ్య నిలుచుండి పాడించుచున్నవాడు అతడే. అక్కడి పాదిరిగారికి ఫోను చేసితిమి. వారు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "మీరు ఒక్క మాట ముందే చెప్పి యుంటే" అని ఆపివేసిరి. ఆ వాక్యమును వారు పూర్తిచేయలేదు. పూర్తిచేయుమని మేమును అడుగలేదు.

అప్పుడు ఆ తల్లి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఆమె కోపపడలేదు. ఒక్క ప్రశ్న వేసెను. "అయ్యగారండీ, ఆ రోజు మీరు పెద్దలతో మాట్లాడారు, ఆయనతో మాట్లాడారు. నా బిడ్డతో ఒక్క మాటన్నా మాట్లాడారా?" మాటలాడలేదు. ఆ బిడ్డను మేము ఏమియు అడుగలేదు. దోషికి ప్రార్థన దొరికెను, సంఘమునకు పేరు దక్కెను, బిడ్డకు ఏమియు దొరకలేదు. ఆ కుటుంబముతో కలిసి మేము ఆలస్యముగా పోలీసు ఠాణాకు వెళ్లి, మా ఆలస్యమును కూడ చెప్పి వ్రాయించితిమి. తరువాతి సంగతి న్యాయస్థానపు చేతిలోనున్నది. ఆ శిబిరములో నేర్చుకొన్న పాట గుడిలో పాడునప్పుడు ఆ బిడ్డ నేటికిని నోరు తెరువదు.

మేము చేసినదే గొప్ప గొప్ప సేవకులు ఎక్కువ కీడు కలుగునట్లు చేసిరని తరువాత తెలిసికొంటిమి. మన కృష్ణా సీమకు 1841లో మచిలీపట్టణము వచ్చిన నోబులు, ఫాక్సు దొరలు ఇంగ్లండు సంఘమువారు. ఆ మిషనువారి చేతనే 1859లో మన నందిగామ సీమలోని రాఘవాపురపు పగోలు వెంకయ్యగారు బాప్తిస్మము పొందిరి. ఆనాటినుండి మన తాతలు మిషను బోర్డింగులలో బిడ్డలను విడిచి వచ్చుటకు అలవాటుపడిరి; ఆ నమ్మకము వలననే మనలో అనేకులకు చదువు వచ్చినది. ఆ ఇంగ్లండు సంఘములోనే జాన్ స్మిత్ అను పేరుగల న్యాయవాది యుండెను. ఐవర్న్ అనుచోట పేరుపొందిన బాలుర క్రైస్తవ శిబిరములకు అతడు నాయకుడు. భక్తి నేర్పుచున్నాననియు, పాపమునకు శిక్షయనియు చెప్పి, ఆ శిబిరములలో పరిచయమైన బాలురను, యౌవనులను తన ఇంటి తోటలోని కొట్టమునకు తీసికొనిపోయి నెత్తురు కారునట్లు బెత్తముతో కొట్టుచుండెను. 1982లో ఒక పాదిరి విచారించి అంతయు వ్రాసి పెద్దలకిచ్చెను. పెద్దలు చదివిరి. పోలీసులకు తెలుపలేదు. సువార్త పనికి మచ్చ వచ్చునని భయపడిరి.

1984లో స్మిత్ ఆఫ్రికాలోని జింబాబ్వే దేశమునకు వెళ్లి, అక్కడ మరల బాలుర శిబిరములు నడిపెను. 1992 డిసెంబరులో మరొండేరా పట్టణమునొద్ద అట్టి ఒక శిబిరములో 16 ఏండ్ల బాలుడు ఈతకొలనులో చనిపోయి కనబడెను. స్మిత్ మీద కేసు నడచినను నిలువలేదు. తరువాత అతడు దక్షిణాఫ్రికాకు పోయి, 2018లో అక్కడనే మరణించెను. ఒక్క దినమైనను శిక్ష అనుభవింపలేదు. 2024 నవంబరులో ఈ సంగతులన్నిటిమీద ఇంగ్లండు సంఘము చేయించిన విచారణ వెలువడెను. దెబ్బలు తిన్నవారు ఆ రెండు ఖండములలో నూటికి పైగా నుందురని అది చెప్పెను. ఆ నెల 12వ తేదీన కాంటర్బరీ ఆర్చిబిషప్పు జస్టిన్ వెల్బీ గారు పదవి విడుచుచున్నామని ప్రకటించిరి. వారు కొట్టినవారు కారు. 2013లో సంగతి తమ చెవిని పడినప్పుడు, అది పోలీసులదాక సాగినదో లేదో వెంటబడి చూడలేదని వారిమీద నేరము.

మచ్చ వచ్చునని దాచిరి. నలువది రెండు సంవత్సరములకు వచ్చిన మచ్చ ఎంత పెద్దదో చూచితిరా? నడుమ ఒక తల్లి కుమారుడు ఈతకొలనులో తేలెను. "ఇక్కడికి రావద్దు" అని పంపివేయుట ఎవరి పాపము? మేమును అదే మాట చెప్పితిమి గదా. తోడేలును మన దొడ్డినుండి తోలి, ప్రక్క దొడ్డి తలుపు తీసిపెట్టినట్లాయెను.

ఇటువంటివి పట్టణములలోను దూరదేశములలోను జరుగును, మన పల్లెలలో జరుగవు అని పెద్దలు కొందరు మాతో అనిరి. 2007లో భారత ప్రభుత్వపు స్త్రీ శిశు శాఖవారు, మన ఆంధ్ర రాష్ట్రముతో కలిపి 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను అడిగి వ్రాయించిన లెక్క యొకటి గలదు. నూటికి 53 మంది తమకు ఏదో విధమైన లైంగిక హింస కలిగినదని చెప్పిరి. చెప్పినవారిలో బాలురు బాలికలకు తక్కువగా లేరు. చేసినవారిలో సగముమంది బిడ్డ ఎరిగినవారు, నమ్మినవారు. అనేకమంది పిల్లలు ఆ సంగతి ఎవరితోను చెప్పలేదు. చీకటిలో వచ్చు క్రొత్తవానిని చూచి భయపడుమని మనము పిల్లలకు నేర్పుచున్నాము, వాడు తక్కువ. ముందుగా మిఠాయి ఇచ్చి, ఫోనులో ఆట చూపి, "నీవు నాకు ప్రత్యేకము, ఇది అమ్మతో చెప్పకు" అను పరిచయస్థుడే ఎక్కువ.

"అమ్మతో చెప్పకు" — ఈ మాటను తల్లులు గుర్తుంచుకొనవలెను. దేవుని పనిలో బిడ్డ తల్లికి చెప్పకూడని సంగతి ఏదియు లేదు. ఏ అన్నయైనను, ఏ అక్కయైనను, ఏ అయ్యగారైనను ఆ మాట చెప్పినయెడల ఆ సాయంకాలమే అమ్మతో చెప్పుమని బిడ్డకు నేర్పుడి. పెద్దలకు లోబడుమని నేర్పు మనము దీనిని కూడ నేర్పకున్న, ఆ లోబడుటయే బిడ్డకు ఉరి యగును.

ఇక చట్టము సంగతి. 2012 నవంబరు 14 నుండి మన దేశములో పోక్సో అను చట్టము అమలులోనున్నది. 18 ఏండ్లు నిండని బాలుడైనను బాలికయైనను దాని క్రిందికి వత్తురు. మతసంస్థలోగాని విద్యాసంస్థలోగాని పనిచేయువాడు అక్కడి బిడ్డకు ఈ కీడు చేసినయెడల శిక్ష మరింత కఠినము. మనవారికి అంతగా తెలియనిది ఒకటి గలదు. అట్టి నేరము జరిగినదని తెలిసినవాడెవడైనను పోలీసులకు తెలుపవలెను. తెలుపకున్న అదియు నేరమే, ఆరు మాసములవరకు చెర. సంస్థకు పెద్దగానున్నవాడు తన క్రింది పనివాని సంగతి దాచినయెడల ఒక సంవత్సరమువరకు. మంచిమనస్సుతో తెలిపినవానిమీద కేసు ఉండదు. ఠాణాకు బిడ్డను ఎట్లు తీసికొనిపోవుదుమని భయపడువారు వినుడి: బిడ్డ మాటను ఇంటివద్దనే, వీలైనంతవరకు స్త్రీ అధికారి, పోలీసు దుస్తులు లేకుండ వచ్చి వ్రాసికొనవలెను. రాత్రి బిడ్డను ఠాణాలో ఉంచరాదు. బాలికను వైద్యురాలే చూడవలెను. బిడ్డ పేరు పత్రికలలో వేయరాదు. 1098 అను ఫోను నంబరుకు రాత్రియైనను పగలైనను పైకము లేకుండ మాటలాడవచ్చును. ఆ అంకెలను ఇంటి గోడమీద సుద్దతో వ్రాసికొనుడి.

వాక్యమెరిగిన పెద్దయొకరు మమ్మును అడిగిరి: సహోదరుడు సహోదరునిమీద అన్యుల న్యాయస్థానమునకు పోవచ్చునా? పౌలు కొరింథీయులను అందుకొరకు గద్దించెను గదా? మంచి ప్రశ్నయే. అయితే అక్కడ (1 కొరింథీ 6) పౌలు మాటలాడినది ఈ లోక సంగతులను గూర్చిన స్వల్ప తగవులు. వాటిలో మనకు కలిగిన నష్టమును మనము ఓర్చుకొనవచ్చును. బిడ్డకు కలిగిన నష్టమును బిడ్డ తరఫున ఓర్చుకొనుటకు మనమెవరము? కీడు చేయువానిని శిక్షించుటకే దేవుడు అధికారుల చేతికి ఖడ్గమిచ్చెనని అదే పౌలు రోమా పత్రిక 13వ అధ్యాయములో వ్రాసెను. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేక పెద్దమీద నేరము అంగీకరింపరాదని తిమోతికి వ్రాయలేదా అని మరియొకరు అడిగిరి. వ్రాసెను, అది సంఘములో తీర్పు తీర్చుటకు. పోలీసులు విచారింపకుండ అడ్డుపెట్టుటకు కాదు. ఈ పాపము చేయువాడు సాక్షులు లేని చోటునే వెదకును. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పొలములో ఒంటరిగా చిక్కిన చిన్నదానిని గూర్చి ధర్మశాస్త్రమేమి చెప్పుచున్నదో చూడుడి. ఆమె కేకవేసియుండును, రక్షించువాడు లేకపోయెనని తలంచుచున్నది. సాక్షిని తెమ్మని ఆమెను అడుగుటలేదు.

బిడ్డ పెండ్లి సంగతి ఏమని అడుగు తల్లికి మాత్రము మాయొద్ద సులభమైన జవాబు లేదు. ఆ భయము నిజమైనది. దానిని పెంచునది మన నోళ్లే. దావీదు ఇంటిలో తామారు చెరుపబడినప్పుడు అన్నయైన అబ్షాలోము ఊరకుండుమని చెప్పెను, తండ్రియైన దావీదు కోపపడెను గాని ఏమియు చేయలేదు (2 సమూయేలు 13). ఆమె అన్న ఇంటిలో దిక్కులేనిదై మిగిలిపోయెను. రెండేండ్లకు ఆ ఇంటిలో హత్య జరిగెను. ఊరకుండుట వలన తామారు పరువు దక్కలేదు. చావడిలోను కుళాయి దగ్గరను చెప్పుకొను మాటలు మనము మానుకొన్నయెడల ఆ తల్లి భయములో సగము తీరును.

ఇప్పుడు మన శిబిరపు పనివారితో ఒక మాట. క్రిందటి నెల మేము నియమములను చెప్పగా ఒక తమ్ముడు నొచ్చుకొని, "అయ్యగారూ, మమ్మల్ని దొంగలనుకుంటున్నారా?" అనెను. మన గుడిలో కానుకసంచిని ఎట్లు లెక్కింతుము? ఆరాధన కాగానే ఇద్దరు పెద్దలు బల్లయొద్ద కూర్చుండి, అందరు చూచుచుండగా లెక్కించి, పుస్తకములో వ్రాసి, ఇద్దరును సంతకము చేయుదురు. మన ట్రెజరరుగారు ఇరువది యేండ్లుగా ఆ పని చేయుచున్నారు. నన్ను దొంగయనుకొనుచున్నారా అని ఒక్కనాడును అడుగలేదు. యెరూషలేములోని బీదలకు కానుక మోసికొనిపోవునప్పుడు పౌలు ఒంటరిగా పోలేదు. దేవుని యెదుట మాత్రమే గాక మనుష్యుల యెదుటను నింద లేకుండునట్లు సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంటబెట్టుకొనెను (2 కొరింథీ 8:18–21). అపొస్తలుడే సాక్షిని కోరుకొనెను. పది రూపాయల నోట్లకు ఇద్దరిని కూర్చుండబెట్టు మనము, బిడ్డను ఒక్కని చేతికి ఎట్లు అప్పగింతుము?

కావున ఈ యేడు మన శిబిరములో ఏ పనివాడును, ఏ పనికత్తెయు ఒక్క బిడ్డతో మూసిన తలుపు వెనుక ఉండకూడదు. మేమును ఉండము, ఈ నియమము మొదట మాకే. బిడ్డ తన దుఃఖము చెప్పుకొనవలెనన్నను, ప్రార్థన చేయించుకొనవలెనన్నను, వరండాలో, మరియొకరి కంటికి కనబడునట్లు. బాలికల గదిలో ఇద్దరు స్త్రీలు, బాలుర గదిలో ఇద్దరు పురుషులు, తలుపు దగ్గర వేరుగా చాపలు వేసికొని పండుకొందురు; పిల్లల దుప్పటిలో ఏ పెద్దవారును పండుకొనరాదు. రాత్రి లేచి బయటికి పోవలసిన పిల్లలు జతలుగా పోవుదురు, దారిలో దీపముండును. స్నానము చేయుచోటికి తడికెలు సరిగా కట్టింతుము. బెత్తము తేకూడదు, భక్తి నేర్పుటకు బెత్తమెందుకు? పిల్లల ఫొటోలు పనివారు తమ ఫోనులలో తీసికొనరాదు, శిబిరము ముగిసిన తరువాత బిడ్డకు ఒంటరిగా వాట్సప్ పంపరాదు. చెప్పవలసినది తల్లిదండ్రుల ఫోనుకు చెప్పుడి.

పాటగాడైనను బోధకుడైనను బయటి ఊరినుండి వచ్చినయెడల ఉత్తరము చాలదు. వారి పాదిరిగారితో మేమే ఫోనులో మాటలాడి, "ఇతనిని మీ స్వంత బిడ్డల గదిలో ఉంచుదురా?" అని అడుగుదుము. ఎవరైనను మమ్మును అట్లు అడిగినయెడల మేము నిజము చెప్పుదుము.

బోధించువారిని మాత్రమే చూచుట చాలదు. 2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్సులోని ఒక పాఠశాలలో నాలుగేండ్ల బిడ్డకు కీడు చేసినవాడు ఉపాధ్యాయుడు కాడు, ప్రిన్సిపాలుగారి కారు డ్రైవరు. 2023 ఏప్రిలులో న్యాయస్థానము వానికి 20 సంవత్సరముల చెర విధించెను. 2025 అక్టోబరులో తుని దగ్గర గురుకుల పాఠశాలనుండి ఒక వృద్ధుడు తాతనని చెప్పి ఒక బాలికను బయటికి తీసికొనిపోయెను; తాత అనగానే పంపివేసిరి. మన పల్లెలలో వరుస కలుపుట ఎంత సులభమో మీకు తెలియును. కావున వంటవారి పేర్లు, ఆటో నడుపువారి పేర్లు, సామాను తెచ్చువారి పేర్లు కూడ మాయొద్ద వ్రాసియుండును. మీరు బిడ్డను పంపు కాగితముమీద, తిరిగి తీసికొనిపోవువారి పేరు, ఫోను నంబరు వ్రాయుడి. ఆ కాగితములో లేనివాడు మేనమామయైనను, మేము మీకు ఫోను చేయకుండ బిడ్డను పంపము. అప్పుడు ఆ మేనమామ మామీద కోపపడును, పడనిండు.

ఏలీ జీవితములో ఒక మంచి రాత్రి గలదు. దేవుడు మాటలాడినది యాజకునితో కాదు, గదిలో పండుకొనియున్న బిడ్డతో. ఆ మాట ఏలీ ఇంటికి వ్యతిరేకమైన మాట. సమూయేలు తెల్లవారువరకు పండుకొనెను. లేచి ఎప్పటివలె మందిరపు తలుపులు తీసెను. ఏలీతో చెప్పుటకు భయపడెను. పెద్దవారిని గూర్చి పెద్దవారితో చెప్పవలసివచ్చిన బిడ్డ ఎట్లుండునో చూడుడి: ఏమియు జరుగనట్లు తలుపులు తీయుచుండును. ఆ బిడ్డ ముఖములో ఏదో ఉన్నదని, చూపు మందగించిన ఆ ముదుసలి గ్రహించెను. నాయనా అని పిలిచి, ఒక్క మాటయు నాయొద్ద దాచవద్దని బ్రతిమాలెను. బిడ్డ అంతయు చెప్పెను. ఏలీ అతనిని కొట్టలేదు, అబద్ధమాడుచున్నావనలేదు, ఎవరు నేర్పిరని అడుగలేదు. అది తన ఇంటిమీద తీర్పేయైనను తలవంచెను. ఆ ఒక్క ఉదయము ఏలీ చేసిన పనిని మేము ఆ రెండవ రాత్రి చేయలేకపోతిమి. ఇంటికి పోతానన్న బిడ్డను, "ఎందుకు నాయనా?" అని అడిగియుండిన చాలును.

ఈ యేడు ప్రతి సాయంకాలము దీపములు వెలిగించు వేళకు అమ్మగారును, ఒక బైబిలు ఉపాధ్యాయురాలును చెట్టు క్రింద కూర్చుందురు. ఇంటికి పోవలెనన్న బిడ్డ ఏ కారణము చెప్పినను, చెప్పకున్నను, ఆ రాత్రియే మీకు ఫోను చేయుదుము. అర్ధరాత్రియైనను విసుగుకొనకుడి.

ఇంకొక సంగతి. హన్నా బిడ్డను విడిచి మరచిపోలేదు. ప్రతి సంవత్సరము ఒక చిన్న అంగీ కుట్టి తీసికొని షిలోహునకు వచ్చుచుండెను. అంగీ సరిపోవుటకు బిడ్డ ఎంత పెరిగెనో చూడవలెను గదా. దగ్గరకు తీసికొని, ముఖము చూచి, తొడిగియుండును. మన శిబిరమునకును తల్లిదండ్రులు ఏ పూటయైనను రావచ్చును. పిల్లలు పండుకొను గదులు చూడవచ్చును, వంటశాల చూడవచ్చును, పనివారి పేర్లు అడుగవచ్చును. నాలుగు మామిడిపండ్లు తెచ్చినను సరే, వట్టిచేతులతో వచ్చినను సరే. ముందుగా చెప్పి రానక్కరలేదు.